ఎముక మజ్జ దాతగా పేరిచ్చే ముందు

రక్తకణాలు తయారయ్యేది ఎముకల లోపలి మజ్జలో; అది దెబ్బతిన్న రోగికి దాత మజ్జలోని మూలకణాలను ఎక్కిస్తారు. అలాంటి ఎముక మజ్జ దాతగా నమోదు కావడానికి పట్టే సమయం చాలా తక్కువ. దరఖాస్తు నింపి, ఆరోగ్యానికి సంబంధించిన కొన్ని ప్రశ్నలకు జవాబులు రాసి, దూదిపుల్లతో బుగ్గల లోపలివైపు రుద్ది ఇస్తే ఆ రోజుకు పని ముగిసినట్లే. నేనూ అలాగే పేరిచ్చాను. అయితే రక్తదానంలో ఒప్పుకోవడం, ఇవ్వడం ఒకే పూటలో జరిగిపోతాయి. ఇక్కడ ఆ రెండింటి మధ్య ఏళ్లు గడవవచ్చు, పిలుపు అసలు రాకపోనూ వచ్చు.

పిలుపు అంత అరుదు కావడానికి కారణం హెచ్‌ఎల్‌ఏ. ఆరవ క్రోమోజోముపై ఉండే ఈ జన్యువుల వల్ల ఏర్పడే ప్రోటీన్లను చూసే రోగనిరోధక వ్యవస్థ తనవాటిని, పరాయివాటిని వేరుచేసి గుర్తిస్తుంది. అందుకే దాత హెచ్‌ఎల్‌ఏ రోగి హెచ్‌ఎల్‌ఏతో సరిపోవాలి. వీటిలో సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి కనుక, తోడబుట్టినవారిలో ఒక్కొక్కరితో పూర్తిగా సరిపోయే అవకాశం 25 శాతమే. ఇంట్లో ఎవరూ సరిపోని రోగికి ముక్కూముఖం తెలియనివారే దిక్కు. అటువంటి దాతల పేర్లు నమోదు చేసే తొలి రిజిస్ట్రీని 1974లో లండన్‌లో షర్లీ నోలన్ అనే తల్లి తన కుమారుడు ఆంథొనీ కోసం ప్రారంభించారు. ఆ బాలుడికి సరిపోయే దాత దొరకలేదు. 1979లో అతడు మరణించాడు. నేడు ప్రపంచవ్యాప్తంగా నమోదైన దాతలు 4 కోట్లకు పైనే ఉన్నారు. అయినా హెచ్‌ఎల్‌ఏ వంశపారంపర్యంగా వచ్చేది కాబట్టి, తన మూలాలకు చెందినవారు తక్కువగా నమోదైన రోగికి అంతమందిలోనూ ఒక్కరు దొరకకపోవచ్చు.

ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు మా అమ్మ మొదట అడిగింది, "వెన్నులోంచి తీస్తారటగా?" అని. చాలామందికి ఉన్న భయమే ఇది. నిజానికి వెన్నుపాముకూ దీనికీ సంబంధం లేదు. ఇప్పటి దానాల్లో ఎక్కువభాగం రక్తం నుంచే జరుగుతాయి. కొన్ని రోజుల పాటు ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్లు ఇచ్చి మజ్జలోని మూలకణాలను రక్తంలోకి రప్పిస్తారు. ఆపై ఒక చేతి నుంచి తీసిన రక్తాన్ని యంత్రంలోకి పంపి, మూలకణాలను వేరుచేసి, మిగిలినదాన్ని రెండో చేతికి ఎక్కిస్తారు. దీనికి సాధారణంగా 4 నుంచి 6 గంటలు పడుతుంది. ఇంజెక్షన్లు తీసుకునే రోజుల్లో ఎముకల నొప్పి, తలనొప్పి, అలసట మామూలే. దాతకు ఏమీ తెలియదని చెప్పే ప్రచారం నాకు నచ్చదు. రెండో పద్ధతిలో పూర్తిగా మత్తు ఇచ్చి, కటి ఎముక వెనుక భాగం నుంచి సూదితో మజ్జను తీస్తారు. తరువాత నడుము కొన్నాళ్లు నొప్పి పెడుతుంది. తీసిన మజ్జ కొన్ని వారాల్లో తిరిగి నిండుతుంది.

దాత ఏ దశలోనైనా వెనక్కి తగ్గవచ్చు, ఎవరూ బలవంతపెట్టరు. కానీ అన్ని దశలూ సమానం కావు. మార్పిడికి కొన్ని రోజుల ముందు రోగికి తీవ్రమైన కీమోథెరపీ, కొన్నిసార్లు రేడియేషన్ కూడా ఇచ్చి, అతడి సొంత మజ్జను నాశనం చేస్తారు. ఆ తరువాత దాత మనసు మార్చుకుంటే, రోగి ఒంట్లో రక్తం తయారయ్యే దారి మూసుకుపోయి ప్రాణానికే ముప్పు వస్తుంది. కాబట్టి కాదనదలచినవారు తొలి పిలుపులోనే కాదనాలి. అంతకంటే ముందే, అంటే బుగ్గ రుద్దే నాడే, ఆలోచించుకుంటే ఇంకా మంచిది. పేరిచ్చి పిలిచినప్పుడు తప్పుకునేవారి కంటే అసలు పేరివ్వనివారే రోగికి మేలు చేసినవారని నేను అనుకుంటాను. మాట కటువుగా ఉండవచ్చు గానీ, లేని దాతను నమ్ముకుని వృథా అయ్యే వారాలు ఆ రోగివి.

వయసు వచ్చినవారికి ఇంట్లోవారి అనుమతి చట్టప్రకారం అక్కరలేదు. అయినా పిలుపు వచ్చిన నాడు మొదటి అభ్యంతరం ఇంట్లోనే లేస్తుంది కాబట్టి, ఇదంతా అమ్మకు ముందే వివరించాను. ఎవరికి ఇచ్చానో తెలుస్తుందా అని ఆమె అడిగింది. మొదట ఇరువురి పేర్లూ గోప్యంగా ఉంచుతారు. కొన్ని దేశాల్లో ఒక గడువు తరువాత ఇద్దరూ ఒప్పుకుంటే తెలుపుతారు, కొన్నిచోట్ల ఎన్నటికీ తెలుపరు. గ్రహీత రక్తం గ్రూపు వేరైతే క్రమంగా దాత గ్రూపుకు మారుతుందని చెబితే మాత్రం అమ్మ నమ్మలేదు.

ఏళ్ల తరువాత వెతికితే దాత ఆచూకీ దొరకకపోవడం రిజిస్ట్రీలకు పెద్ద చిక్కు. అందుకే ఇటీవల నా ఫోన్ నంబరు మారినప్పుడు బ్యాంకుతో పాటు రిజిస్ట్రీకి కూడా కొత్త నంబరు తెలియజేశాను.