మత్తయి 19: పెళ్లి ప్రసంగం ఆగిపోయే చోటు

మన సంఘాల్లో పెళ్లి అంటే మత్తయి 19వ అధ్యాయం చదవడం దాదాపు ఖాయం. "దేవుడు జతపరచినవారిని మనుష్యుడు వేరుపరచకూడదు" అనే ఆరో వచనం శుభలేఖల మీదికీ ఎక్కుతుంది. ప్రసంగం అక్కడితో ముగుస్తుంది, ప్రమాణాలు మొదలవుతాయి. యేసు మాత్రం అక్కడ ఆగలేదు. ఆ సంభాషణ పన్నెండో వచనం దాకా సాగింది. స్వలింగ వివాహం గురించి క్రైస్తవలోకం ఇవాళ తర్కించుకుంటున్నదాంట్లో చాలా భాగం ఈ కొద్ది వచనాల చుట్టూనే తిరుగుతోంది.

ధర్మశాస్త్ర నిష్ఠకు పేరుపడ్డ యూదు వర్గం పరిసయ్యులు యేసును అడిగింది విడాకుల సంగతి. పరిత్యాగ పత్రిక, అంటే విడాకుల పత్రం, ఏ కారణానికి ఇవ్వవచ్చన్నది అప్పటి ధర్మశాస్త్ర పండితుల మధ్య నలుగుతున్న తగవు. వంట మాడినా చాలునన్నది హిల్లేలు వర్గం. భార్య శీలం తప్పితేనే అన్నది షమ్మయి వర్గం. యేసు ఆ తగవును దాటి సృష్టి ఆరంభానికి వెళ్లాడు. దేవుడు వారిని పురుషునిగాను స్త్రీనిగాను సృజించాడు, వారిద్దరూ ఏకశరీరం అన్నాడు.

వివాహం స్త్రీపురుషుల మధ్యనే అనేవారికి గట్టి ఆధారం ఇదే. స్వలింగ సంబంధాల మీద లేవీయకాండంలోని నిషేధాల కంటే, పౌలు రాసిన రోమా పత్రిక మొదటి అధ్యాయం కంటే కూడా ఇదే మూలం. కతోలిక, ఆర్థడాక్స్ సంఘాలూ సువార్తిక సంఘాల్లో అత్యధికమూ ఇక్కడే నిలబడ్డాయి. నేనూ ఇక్కడే ఉన్నాను.

స్వలింగ వివాహాన్ని ఒప్పుకునే అవతలి పక్షం వాక్యాన్ని పక్కన పెట్టేసిందని మన వేదికల మీద తరచూ వినిపిస్తుంది. అది న్యాయమైన మాట కాదు. వారూ ఈ అధ్యాయాన్నే చదువుతారు. అడిగిన ప్రశ్న విడాకులది కాబట్టి జవాబు కూడా దానికే పరిమితమంటారు. పౌలు ఖండించింది బానిసలనూ బాలురనూ వాడుకున్న నాటి రోమా సమాజపు పోకడను గానీ, జీవితాంతం కట్టుబడే జంటను కాదంటారు. "నరుడు ఒంటరిగా నుండుట మంచిది కాదు" అన్న దేవుని మాటను ముందు పెడతారు. స్వీడన్ లూథరన్ సంఘం 2009లో, అమెరికా ఎపిస్కోపల్ సంఘం 2015లో ఇటువంటి వివాహాలకు ద్వారం తెరిచాయి. యునైటెడ్ మెథడిస్టులు 1972 నుంచి తమ నియమాల్లో ఉన్న ఖండనను 2024లో తొలగించారు. ఈ వివాదం మధ్యనే అంతకుముందు అమెరికాలోని వారి స్థానిక సంఘాల్లో దాదాపు నాలుగో వంతు విడిపోయాయి. (భారత మెథడిస్టు సంఘం 1981 నుంచీ స్వతంత్రం. హైదరాబాదు మెథడిస్టులకు ఆ నిర్ణయం వర్తించదు.) 2023 డిసెంబరులో వాటికన్, వివాహ సిద్ధాంతాన్ని కదపకుండానే, ఇటువంటి జంటలు అడిగితే పూజావిధితో నిమిత్తం లేకుండా దీవించవచ్చన్నది. కొద్ది వారాలకే ఆఫ్రికా బిషప్పులు అది తమ దగ్గర కుదరదన్నారు.

ఇక మనం చదవకుండా వదిలేసే వచనాలు. యేసు జవాబుకు శిష్యులే బెదిరిపోయారు. సంబంధం ఇటువంటిదైతే పెండ్లి చేసుకోకపోవడమే మేలన్నారు. అప్పుడాయన నపుంసకుల మాట ఎత్తాడు: అలా పుట్టినవారు, మనుష్యుల వల్ల అలా చేయబడినవారు, పరలోకరాజ్యం కోసం తమంతట తామే ఆ బతుకు ఎంచుకున్నవారు. సంతానమే ఆశీర్వాదమని నమ్మిన జనం మధ్య ఆ మాట అన్నాడు. ద్వితీయోపదేశకాండం అటువంటివారిని సమాజంలో చేరనివ్వలేదు. యెషయా 56లో దేవుడు వారికి కుమారుల కంటే, కుమార్తెల కంటే శ్రేష్ఠమైన పేరు పెడతానన్నాడు. యేసు వారిని ఏకంగా రాజ్యానికి ఉదాహరణగా నిలబెట్టాడు. ఆయనా పెళ్లి చేసుకోలేదు.

స్వలింగ ఆకర్షణ ఉన్న విశ్వాసిని బ్రహ్మచర్యానికి పిలిచే మనలాంటివారు ఈ వచనాన్నే చూపిస్తాం. దానికి ముందున్న పదకొండో వచనం మాత్రం మనల్ని ఇరుకున పెడుతుంది: అనుగ్రహం పొందినవారు తప్ప ఈ మాటను ఎవరూ అంగీకరించలేరు. అంటే ఆ జీవితం వరం. వరాన్ని ఆజ్ఞాపించగలమా? అవతలి పక్షం అడిగే ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. పిలిచినవాడే శక్తినీ ఇస్తాడని నమ్ముతాను. అయితే ఆ శక్తిని దేవుడు చాలావరకు సంఘం చేతనే పంపిస్తాడనీ నమ్ముతాను.

మన సంఘం ఏం పంపుతోంది? కతోలికులకు గురువులు, కన్యాస్త్రీలు ఉన్నారు. పెళ్లి లేని జీవితానికి అక్కడ ఒక గౌరవం, ఒక ఇల్లు, ఒక భోజనపు బల్ల ఉన్నాయి. మన ప్రొటెస్టంట్ సంఘాల్లో నలభై ఏళ్ల అవివాహితుడికి దక్కేవి గుసగుసలూ పెళ్లి సంబంధాలూ మాత్రమే. పండుగ పూట అతను ఎవరింట్లో తింటాడో ఎవరూ అడగరు.

అంతకంటే ఘోరం ఇంకొకటి ఉంది. కొడుకు ధైర్యం చేసి ఇంట్లో నోరు విప్పితే, "పెళ్లయితే అంతా సర్దుకుంటుంది" అని ప్రార్థన చేసి మరీ సంబంధం చూస్తారు. 2018లో సుప్రీంకోర్టు స్వలింగ సంబంధం నేరం కాదన్నది. 2023 అక్టోబరులో అటువంటి వివాహానికి గుర్తింపు నిరాకరించి ఆ నిర్ణయాన్ని చట్టసభలకు వదిలింది. ఆ కేసు వేసినవారిలో హైదరాబాదు జంట కూడా ఉంది. ఆ రెండో తీర్పు విని ఊపిరి పీల్చుకున్న విశ్వాసులు చాలామందే ఉంటారు. మరి ఇష్టం లేని అబ్బాయికి, ఏమీ తెలియని అమ్మాయికి మనమే ముడివేసే పెళ్లి ఏ వచనం ప్రకారం దేవుడు జతపరచినది? ఆ అమ్మాయి కన్నీళ్లకు ఏ పక్షమూ లెక్క చెప్పడం లేదు.

చాలా సంఘాల్లో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదివి, అభ్యంతరం ఉన్నవారు తెలపాలని అడుగుతారు. మొదటి ప్రకటనకు ముందే కాపరి వరుడినీ వధువునూ విడివిడిగా కూర్చోబెట్టి ఆ ప్రశ్న వేయాలి. ఎవరైనా వద్దంటే కారణం ఊరంతా చాటకుండా ప్రకటన ఆపేయాలి, ఆ తర్వాత పెద్దలు ఎన్ని మాటలన్నా తానే పడాలి.