మొదటి సిగరెట్ ఎన్నింటికి?

"నిద్ర లేచాక ఎంతసేపటికి మొదటి సిగరెట్ కాలుస్తారు?" అని అడిగాను. ఆ పీజీ డాక్టర్ కాసేపు నా వైపు అలాగే చూశాడు.

"ఏ నిద్ర మేడమ్? నిన్న పొద్దున ఎనిమిదింటికి డ్యూటీకి వచ్చాను. ఇంకా పడుకోలేదు."

అప్పుడు మధ్యాహ్నం రెండవుతోంది.

నేను హెల్త్ సైకాలజీలో పరిశోధన చేస్తున్నాను. డాక్టర్లు, నర్సులు పనిలో ఎంతగా అలిసిపోతున్నారు, ఆ అలసటకీ సిగరెట్‌కీ సంబంధం ఏమిటి అన్నది నా విషయం. ఆ రోజు నా చేతిలో ఉన్నది ఫాగర్‌స్ట్రామ్ పరీక్ష, నికోటిన్‌కి మనిషి ఎంతగా అలవాటు పడ్డాడో కొలిచేది. 1991 నుంచి ప్రపంచమంతా వాడుతున్న కాగితం. మొత్తం 6 ప్రశ్నలు, 10 మార్కులు. లేచిన 5 నిమిషాల్లోపే వెలిగిస్తే 3 మార్కులు. ఆ ప్రశ్నకి అంత బరువు ఇవ్వడానికి కారణం ఉంది. రక్తంలో నికోటిన్ దాదాపు 2 గంటలకోసారి సగానికి పడిపోతుంది. రాత్రంతా పడుకుని లేచేసరికి చాలావరకు ఖాళీ అయిపోతుంది. ఆ ఖాళీకి మనిషి ఎంత తట్టుకోగలడో చూస్తే ఎంతగా అలవాటు పడ్డాడో తెలుస్తుంది. అయితే ఇదంతా మనిషి రాత్రి పడుకున్నాడు అనుకుంటేనే. నేను ఏ గడిలో టిక్ పెట్టాలి? ఖాళీగా వదిలేసి, పక్కన పెన్సిల్‌తో "నిద్ర లేదు" అని రాసుకున్నాను.

నా సంచీలో రెండో కాగితం కూడా ఉంది, బర్నౌట్‌ని, అంటే పనిలో పూర్తిగా అలిసిపోవడాన్ని కొలిచే మాస్లాక్ ప్రశ్నావళి. 1981లో వచ్చింది, 22 ప్రశ్నలు. మనసు ఎంత ఎండిపోయింది, పేషెంట్ మనిషిలా కాకుండా వస్తువులా కనిపించడం మొదలైందా, చేస్తున్న పనికి విలువ ఉందనిపిస్తోందా అని మూడు వైపుల నుంచి అడుగుతుంది. బర్నౌట్ అనే మాటని 1974లో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు రాసింది కూడా ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేసే వాళ్లని చూసే. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా కాకుండా ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా వర్గీకరించింది. ఇది నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. జబ్బు అంటే డాక్టర్‌ని కౌన్సెలింగ్‌కి పంపి ఊరుకుంటాం. ఉద్యోగం అంటే డ్యూటీ చార్టు తీసి చూడాలి.

"టెన్షన్ తగ్గడానికే మేడమ్" అని నేను మాట్లాడిన ప్రతివాళ్లూ చెప్తారు. ఆ తగ్గే టెన్షన్‌లో కొంత సిగరెట్ పెట్టిందే. మూడు గంటల రౌండ్స్‌లో నికోటిన్ పడిపోతుంటే చిరాకు మొదలవుతుంది. బయటికెళ్లి ఒకటి వెలిగిస్తే ఆ చిరాకు పోతుంది. పోయింది పని ఒత్తిడే అనిపిస్తుంది. మానేసిన వాళ్లలో ఆందోళన, ఒత్తిడి తగ్గాయని 2014లో చాలా అధ్యయనాలని కలిపి చూసిన సమీక్ష చెప్పింది. ఆ పీజీ డాక్టర్‌కి ఇవన్నీ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"బ్రిటిష్ డాక్టర్ల స్టడీ మేం ఎంబీబీఎస్‌లోనే చదివాం మేడమ్. నలభయ్యో ఏట సిగరెట్ మానేస్తే తొమ్మిదేళ్ల ఆయుష్షు కలిసొస్తుంది. నాకింకా ఇరవయ్యేడే. కానీ సిగరెట్ లేకపోతే నేను బయటికి ఎందుకెళ్తాను?"

నేను ఆ మాట రాసుకున్నాను గానీ అర్థమైంది మర్నాడే, అదే వార్డులో స్టాఫ్ నర్సుతో మాట్లాడినప్పుడు. ఆవిడ సిగరెట్ ముట్టుకోదు. "ఆ బాబు టీ బండి దగ్గరికెళ్తే ఎందుకెళ్లాడో అందరికీ తెలుసమ్మా. ఐదు నిమిషాల్లో వస్తాడులే అని ఎవరూ పిలవరు. నేను వెళ్లి ఊరికే నించుంటే, ఏంటి సిస్టర్, పనేం లేదా అంటారు."

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కన పల్లె. మా నాన్నమ్మ అడ్డపొగ తాగేది, నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని. అంగిలి మీద తెల్లటి మచ్చ వస్తే డాక్టర్ మానెయ్యమన్నాడు. ఆ పొగ అంగిలి క్యాన్సర్ దాకా తీసుకెళ్తుందని చదువుకున్నాక నాకెంత భయం వేసిందో. చిన్నప్పుడు మాత్రం నాకు తెలిసింది ఒక్కటే. నాన్నమ్మ నోట్లో చుట్ట ఉందంటే అరుగు మీద కూర్చుందని, అప్పుడు ఏ కోడలూ ఏ పనీ చెప్పదని.

మన దేశంలో ఆ పీజీ లాంటి రెసిడెంట్ డాక్టర్లకి ఏకధాటి డ్యూటీ సాధారణంగా 12 గంటలు మించకూడదని 1992 నుంచీ కేంద్రం ఆదేశం ఉంది. అతని డ్యూటీ ఆ రోజు అప్పటికే 30 గంటలు. అలాంటి మనిషికి మానేసే మాత్రో, మానాలనుకునే వాళ్లకి ఫోన్‌లో సాయం చేసే 1800-11-2356 క్విట్‌లైన్ నంబరో ఇవ్వొద్దని నేను అనను, తప్పకుండా ఇవ్వాలి. నేనూ ఇచ్చాను. దాంతోపాటు ఆ ఐదు నిమిషాలు కూడా ఎవరో ఇవ్వాలి, చార్టులో రాసి, సిగరెట్ తాగే వాళ్లకీ తాగని వాళ్లకీ.

నా ఫారంలో ఒక ప్రశ్న చేర్చాను: "ఈ డ్యూటీలో సిగరెట్ కోసం కాకుండా ఎన్నిసార్లు బయటికి వెళ్లారు?" ప్రశ్న మారితే ఎథిక్స్ కమిటీ మళ్లీ అనుమతి ఇవ్వాలి, కాగితాలు పెట్టాను. ఈలోగా నిన్న ఆ పీజీకి హ్యాండోవర్ అయ్యే టైముకి ఫోన్ చేసి ఊరికే అడిగాను. కాసేపు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత, "బాత్రూమ్‌కి వెళ్లింది లెక్కలోకి వస్తుందా మేడమ్?" అన్నాడు.