గేదె మోకాలు ఎక్కడుంటుంది?

గవర్నర్‌పేటలో మాదొక డీటీపీ షాపు. పెళ్లికార్డులు, బిల్లు పుస్తకాలు, ఫ్లెక్సీలు చేస్తాం. జూన్ దగ్గర పడేసరికి ప్లేస్కూళ్ల పని మీద పడుతుంది. గోడ బ్యానర్లు, ఐడీ కార్డులు, నోటుబుక్కు లేబుళ్లు. బెజవాడలో ఏ ప్లేస్కూలు గేటు చూడండి, అదే సింహం, అదే జిరాఫీ నవ్వుతూ ఉంటాయి. మాలాంటివాళ్లం అందరం అవే క్లిప్ ఆర్ట్ (రెడీమేడ్ బొమ్మల) సీడీల్లోంచి తీసి అతికించినవే అవి. ఆవు విషయం మరీ అన్యాయం. తెల్ల ఒంటి మీద నల్ల మచ్చలుంటాయి గాని మూపురం ఉండదు, గంగడోలు ఉండదు. అది హోల్‌స్టీన్ జాతి, ఐరోపా ఆవు. మన పిల్లలకి సందు మలుపులో ఎదురయ్యేది గేదె. దాని బొమ్మ కోసం వెతికితే అడవి దున్న దొరుకుతుంది గాని పాలిచ్చే గేదె దొరకదు.

సరే, నేనే గీద్దామనుకున్నాను. కంప్యూటర్లో బొమ్మలు గీసే కోరల్ డ్రాలో ఎలాంటి వంపునైనా నోడ్లు, అంటే గీత మీది చుక్కలు, లాగి సరిచేస్తాను. తెల్లకాగితం మీద పెన్సిల్ పెడితే మాత్రం చెయ్యి కదిలేది కాదు. సత్యనారాయణపురంలో రిటైరైన డ్రాయింగ్ మాస్టారు ఒకాయన ఉన్నారని, పిల్లల్ని డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకి తయారుచేస్తారని మా ఆడపడుచు చెప్పింది. ఓ ఆదివారం పొద్దున వెళ్లాను. ఆ క్లాసులో నా తర్వాత పెద్దది తొమ్మిదో తరగతి పిల్ల.

"కార్టూన్ బొమ్మలా? మా పరీక్షలో అవి రావమ్మా" అన్నారు మాస్టారు. మళ్లీ ఏమనుకున్నారో, "ఏదీ, ఒక కుక్కని గీయి చూద్దాం" అన్నారు. కళ్లతో మొదలుపెట్టాను. అందరూ అక్కడే మొదలుపెడతారట. పెన్సిల్ పట్టుకుని ఆపేశారు.

"కళ్లు చివర్న. ముందు ఒళ్లు ఎటు వంగిందో చూపించు."

ముక్కు కొస నుంచి తోక దాకా ఒక్కటే గీత, అంతే. భయపడ్డ కుక్కకి ఆ గీత గూనిలా పైకి లేచి, తోక దగ్గర కాళ్ల మధ్యకి దిగిపోతుంది. నిద్రలేచి ఒళ్లు విరుచుకునే కుక్కకి ముందువైపు నేలని తాకి, వెనకవైపు పైకి లేస్తుంది. కన్ను, ముక్కు ఏదీ లేకుండానే కుక్క ఏం చేస్తోందో తెలిసిపోవాలి. ఆ గీత మీద రొమ్ముకి ఒక గుండ్రం, పిరుదులకి ఒక గుండ్రం, తలకి ఇంకొకటి. రొమ్ముని, పిరుదుల్ని కలిపితే మొండెం. వేళ్లతో గీస్తే గుండ్రం వంకర పోతుంది, భుజం కదలాలి. పాత పేపర్ల నిండా స్కెచ్ పెన్నుతో గుండ్రాలు గీయించారు. దాని గురించి చెప్పుకోవడానికేమీ లేదు, గీయాలి అంతే.

తల పాఠం మాత్రం మర్చిపోలేను. ఉడకబెట్టిన కోడిగుడ్డు తెమ్మన్నారు. వాళ్లింట్లోకి గుడ్డు రానివ్వరు కాబట్టి క్లాసు వీధరుగు మీదికి మారింది. గుడ్డు చుట్టూ నిలువుగా ఒక గీత, నడుముకి అడ్డంగా ఒక గీత గీసి నా కళ్లెదురుగా పట్టుకున్నారు. తిన్నగా పట్టుకుంటే రెండు గీతలూ తిన్నగా ఉన్నాయి. నా వైపు కొస కిందికి వంచారు, అడ్డగీత కిందికి ఉబ్బింది. పైకెత్తారు, పైకి ఉబ్బింది. పక్కకి తిప్పారు, నిలువు గీత ఆ పక్కకి జరిగి విల్లులా వంగింది. కళ్లు ఆ అడ్డగీత మీదే కూర్చోవాలి. రెండు గీతలూ కలిసేచోట మూతి, అదీ ఇంకో చిన్న గుడ్డే. పిల్లికి దాన్ని పొట్టిగా, కుక్కకి పొడుగ్గా, గేదెకి వెడల్పుగా అతికించాలి. అప్పటిదాకా నేను చూసిన కార్టూన్ తలలన్నీ బిళ్లలుగా కనిపించేవి. ఆ రోజు నుంచి వాటికి వెనకవైపు కూడా ఉందని తెలుస్తోంది.

కళ్లు ఎక్కడ పెట్టాలన్నది ముద్దుతనం లెక్క. అడ్డగీతని తల మధ్య కంటే కిందికి దించి, కళ్లు పెద్దవి చేసి, నుదురు ఎక్కువ వదిలితే ఏ జంతువైనా పసిపిల్లైపోతుంది. కోన్రాడ్ లోరెంజ్ అనే జంతు శాస్త్రవేత్త 1943లోనే ఈ సంగతి రాశాడు. పెద్ద తల, పెద్ద కళ్లు, బూరెబుగ్గలు చూస్తే మనకి సాకాలనిపిస్తుందట. నా మట్టుకు నేను తల ఒక వంతు, తక్కిన ఒళ్లు రెండు వంతులు అని పెట్టుకున్నాను. మిక్కీ మౌస్ సంగతి కూడా మాస్టారే చెప్పారు. 1928లో దాన్ని గీసిన అబ్ ఐవర్క్స్ గుండ్రాలతో కట్టింది అందం కోసం ఒక్కటే కాదు. వేలకి వేలు బొమ్మలు చేత్తో గీయాలంటే గుండ్రమైతే త్వరగా వస్తుంది. చేతికి నాలుగేసి వేళ్లుండేది కూడా పని తగ్గుతుందనే. తల ఎటు తిప్పినా ఆ చెవులు గుండ్రంగానే ఉంటాయి. నిజం చెవులకి అలా కుదరదు. మనకి అక్కర్లేదు కూడా.

ఇక కాళ్లు. నన్ను ఏడిపించింది ఇవే.

గేదె వెనక కాలు చూడండి. మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చిన కీలు ఒకటి ఉంటుంది. దానికి మోకాలు వెనక్కి వంగుతుందనే మనం అనుకుంటాం. మాస్టారు నన్ను లేచి మునివేళ్ల మీద నిలబడమన్నారు. "నీ మడమ ఎక్కడుంది?" గాల్లో, వెనకవైపు. "గేదెకీ అదే." పొడుచుకొచ్చింది దాని మడమ. అసలు మోకాలు పైన పొట్ట పక్కన చర్మంలో కలిసిపోయి ఉంటుంది, మన మోకాల్లాగే ముందుకే వంగుతుంది. గేదె, ఆవు, మేక రెండేసి వేళ్ల కొసల మీద నిలబడతాయి, గిట్టలు ఆ వేళ్ల గోళ్లే. కుక్క, పిల్లి వేళ్లు పరిచి మడమ లేపి నడుస్తాయి. ఎలుగుబంటి మనలాగే అరికాలు మొత్తం ఆనిస్తుంది. ముందు కాలికి మనం మోకాలు అనేది దాని మణికట్టు. ఇది తెలిశాక కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర పడుకున్న ఆవు లేస్తుంటే నిలబడిపోయి చూశాను. మొదట వెనకభాగం లేస్తుంది. ముందు కాళ్లు మణికట్ల మీద ఆగి, తర్వాత ఒక్కొక్కటీ తిన్నగా అవుతాయి. కూరల సంచితో రోడ్డు మధ్యలో నించున్న నన్ను ఆటోవాళ్లు తిట్టారు.

కార్టూన్లో ఇన్ని ఎముకలు అవసరమా అని అడిగితే, అవసరం లేదనే అంటాను. గొట్టంలాంటి కాలు వేసి కింద గిట్ట పెట్టినా చెల్లుతుంది. కానీ ఎక్కడ కీలు ఉందో తెలిసి గొట్టం వేసినవాడి గేదె నడుస్తుంది, తెలియనివాడిది బల్లలాగా నిలబడుతుంది. మాస్టారికి నచ్చని విషయం ఒకదాన్ని మాత్రం నేను వదల్లేదు. ఆవుకి, గేదెకి పై వరసలో ముందు పళ్లుండవు. కార్టూన్ ఆవులన్నీ రెండు వరసలూ చూపించి నవ్వుతాయి. నా గేదెకీ పై పళ్లు పెట్టాను. పిల్లల దగ్గర నవ్వకపోతే ఎలా?

ఎండాకాలం సెలవుల్లో మావాణ్ణి తీసుకుని కొండపల్లి వెళ్లాను. తెల్ల పొణికి కర్రతో ముక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అక్కడి అంబారీ ఏనుగుని తిప్పి తిప్పి చూశాను. నేను కాగితం మీద గుండ్రాలు, గుడ్లు పేర్చినట్టే వాళ్లు కర్ర ముక్కలు పేరుస్తున్నారు. ఏనుగు కాళ్లు స్తంభాలు, గేదె లెక్క దానికి పనికిరాదు. నిజం ఏనుగుకి కూడా వెనక మోకాలు కిందికి ఉండి బయటికే కనిపిస్తుంది.

ఇంకు వేసే పని బ్రష్ పెన్నుతో. పొట్ట కింద, గంగడోలు కింద గీత లావుగా, వెలుతురు పడే వీపు మీద సన్నగా. తర్వాత స్కాన్ చేసి కోరల్లోకి తెచ్చుకుంటాను. పవర్ ట్రేస్ కొట్టి గీతలు దాన్నే పట్టుకోమంటే ఒక్క చెవికి బోలెడు నోడ్లు వచ్చి పడతాయి, కాబట్టి వంపులు గీసే బెజియర్ టూల్‌తో నేనే మళ్లీ గీస్తాను. చివరి పరీక్ష మా షాపులో చిటికెలో అయ్యేది. అంతా సెలెక్ట్ చేసి నలుపు రంగు మీద నొక్కడం. నల్లటి ముద్దగా మారాక కూడా అది గేదె అని తెలియాలి. తెలియకపోతే ఆ మొదటి వంపు గీత దగ్గరికి వెళ్లి మళ్లీ మొదలు. మొదట్లో నా మేక, నా కుక్క నల్లబడ్డాక ఒకేలా ఉండేవి. మేకకి గడ్డం, పొట్టి తోక పైకి లేపాక విడిపోయాయి.

ఈ ఏడు ఓ ప్లేస్కూలు ఆవిడకి సింహం బదులు నా గేదెని చూపించాను. ముర్రా జాతిది, కొమ్ములు లోపలికి చుట్ట తిరిగి ఉంటాయి. ఆవిడకి బొమ్మ నచ్చింది గాని, "కొమ్ములు తీసేయండి మేడమ్, పిల్లలు భయపడతారు" అంది. కొమ్ములు తీసి, నలుపు నొక్కి, స్క్రీన్ ఆవిడ వైపు తిప్పాను.

"ఇదేంటి, ఎలుగుబంటా?"

కంట్రోల్ జెడ్ కొట్టాను. బ్యానర్ కొమ్ములతోనే ప్రింటుకి వెళ్లింది.