‘ఫర్వాలేదు’ అన్నందుకు ఒక చలికాలం

బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి చలికాలమంతా ఆఫీసుకి బస్సులోనే వెళ్ళాను. బస్సుతో ఇబ్బంది లేదు, అడిగితే ర్యాంపు వేస్తారు. ఇబ్బందల్లా ఇంటి నుంచి స్టాపు దాకా నడవడమే. చిన్నప్పుడు పోలియో వచ్చిన నా కుడికాలికి ఊతంగా కాలిపర్ ఉంటుంది. పొద్దున్నే పేవ్‌మెంటు మీద మంచు గడ్డకట్టి ఉంటే ఆ కాలు ఎక్కడ ఆనుతుందో, ఎక్కడ జారుతుందో తెలియదు. రెండుసార్లు పడ్డాను. కుంటడం ఎక్కువైందని చూసి మేనేజరు అడిగితే, "ఫర్వాలేదు, నాకు అలవాటే" అన్నాను.

చిన్నప్పటి నుంచీ ఆ మాటతోనే నెట్టుకొచ్చాను. చేతకాదంటే ఉద్యోగమే ఇవ్వరేమోనని భయం. దానికి తోడు వీసా భయం. పబ్లిక్ ఫండ్స్, అంటే జాబితాలో ఉన్న ప్రభుత్వ సాయాలు, తీసుకోకూడదన్న షరతు ఉంది కాబట్టి, ప్రభుత్వం ఇచ్చేది ఏదీ ముట్టుకోకూడదనే అనుకున్నాను.

మా ఆఫీసులో ఇంకో తెలుగావిడ ఉన్నారు, నాకన్నా పెద్దవారు. గీరుకుపోయిన నా అరచెయ్యి చూసి, "యాక్సెస్ టు వర్క్‌కి అప్లై చేశావా?" అన్నారు.

"నాకు రాదండీ, వీసా..."

"అది పబ్లిక్ ఫండ్స్ జాబితాలో లేదమ్మా. చదివి చూడు."

చూశాను. నిజంగానే లేదు.

యాక్సెస్ టు వర్క్ అనేది 1994 నుంచి ఇక్కడ నడుస్తున్న పథకం. వైకల్యం వల్ల ఉద్యోగంలో పడే అదనపు ఖర్చును ప్రభుత్వం భరిస్తుంది. ప్రత్యేకమైన కుర్చీ కావచ్చు, వినపడనివారికి సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్ కావచ్చు, బస్సుల్లో రైళ్ళలో వెళ్ళలేనివారికి టాక్సీ కావచ్చు. జీతం ఎంతని చూడరు, తిరిగి కట్టక్కర్లేదు. టాక్సీ ఖర్చులో మామూలుగా బస్సుకయ్యే డబ్బు మాత్రం మనదే.

అప్లై చేశాక, ఆ పథకం తరఫున ఫోన్లో మాట్లాడిన అమ్మాయి అడిగిన తీరు నేను మరిచిపోలేను. మన దగ్గర వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్‌లో ఎంత శాతం అన్నదే లెక్క. ఇక్కడ శాతం ఊసే రాలేదు. "ఇంట్లోంచి బయల్దేరి ఆఫీసులో కూర్చునేదాకా ఏం జరుగుతుందో చెప్పండి" అంది. అలవాటుకొద్దీ "మేనేజ్ చేసుకుంటాను" అనేశాను.

"అలా మేనేజ్ చేశాక, సాయంత్రానికి ఎలా ఉంటారు?"

కాసేపు నాకు మాట రాలేదు. తర్వాత అన్నీ చెప్పాను. రోజూ వేసుకునే నొప్పి మాత్రలు, మధ్యాహ్నానికే వాచిపోయే కాలు, రేపు మంచు పడుతుందంటే ఈ రాత్రి నుంచే పట్టుకునే టెన్షన్.

కొత్తగా వచ్చేవాళ్ళకు గట్టిగా చెబుతున్నాను, ఆలస్యం చేయకండి. ఉద్యోగంలో చేరిన 6 వారాల్లోపు దరఖాస్తు పెడితే, మంజూరైన ఖర్చు మొత్తం పథకమే భరించే వీలుంది. గడువు దాటితే, 50 మంది కంటే తక్కువ ఉన్న సంస్థలను వదిలేసి, మిగతా యజమానులను పరికరాల ఖర్చులో కొంత పెట్టుకోమనవచ్చు. నేను అడిగేసరికి చేరి ఐదు నెలలైంది. పైగా ఇప్పుడు దరఖాస్తులు బాగా పేరుకుపోయాయి, నెలల తరబడి ఎదురుచూస్తున్నవాళ్ళు ఎందరో. 4 వారాల్లోపు కొత్త ఉద్యోగంలో చేరబోయేవాళ్ళవి మాత్రం ముందు చూస్తారు.

రెండో చలికాలానికి నాకు టాక్సీ వచ్చింది. మొదటి నెల బిల్లుల ఫారం మీద సంతకం పెడుతూ, "పోయినేడు నేను అడిగినప్పుడే చెప్పాల్సింది కదా?" అన్నారు మేనేజరు. ఈసారి ఫర్వాలేదు అనలేదు. రెండుసార్లు పడిన సంగతి, ఎక్కడ పడ్డానో కూడా చెప్పాను.