సెలవుల్లో పిల్లలు సరిగా తినాలంటే ముందు వేళలు సరిచేయాలి

పండగ సెలవులు మొదలైన నాలుగు రోజులకే చాలా ఇళ్లలో ఒకటే మాట వినిపిస్తుంది: "పిల్లాడు భోజనం ముట్టుకోవట్లేదు, స్వీట్లు మాత్రం వదలట్లేదు." తప్పంతా స్వీట్ల మీదకి నెట్టేస్తాం. కానీ అంతకంటే ముందు చెడేవి తినే వేళలు. బడి ఉన్నన్నాళ్లూ అన్నీ గంట కొట్టినట్టు జరిగిపోతాయి. సెలవుల్లో పదింటికి లేచి, పదిన్నరకు పాలు తాగి, పన్నెండు దాకా బిస్కెట్లు నములుతూ కూర్చున్న పిల్లకి ఒంటిగంటకు ఆకలి ఎక్కణ్ణుంచి వస్తుంది?

అందుకని మొదట ఆకలిని వెనక్కి తెచ్చుకోవాలి. మూడు పూటల భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, ఒకదానికీ ఒకదానికీ మధ్య రెండున్నర నుంచి మూడు గంటల ఎడం. ఎనిమిదిన్నరకు టిఫిన్ పెడితే పదకొండింటికి చిరుతిండి, ఒకటిన్నరకు భోజనం, నాలుగున్నరకు మళ్లీ చిరుతిండి, ఏడున్నరకు రాత్రి భోజనం. ఆ మధ్యలో మంచినీళ్లు తప్ప ఇంకేమీ వద్దు. డైనింగ్ టేబుల్ మీద రోజంతా తెరిచి ఉండే స్వీట్ల డబ్బాని కళ్లకు కనపడని చోట పెడితే సగం పేచీ అక్కడే తగ్గుతుంది. చుట్టాలొచ్చి రాత్రి భోజనం తొమ్మిది దాటేలా ఉంటే, ఆరున్నరకే పిల్లలకి అసలైన భోజనం కొద్దిగా పెట్టేయండి. చిప్స్‌తో తొమ్మిది దాకా నెట్టుకొస్తే తర్వాత ఏం వడ్డించినా కంచంలోనే ఉంటుంది. పాల సంగతి కూడా చూసుకోవాలి. ఏడాది నుంచి ఐదేళ్లలోపు పిల్లలు రోజుకి అర లీటరుకి మించి తాగితే పొట్ట నిండిపోయి భోజనం తగ్గుతుంది, శరీరానికి అందాల్సిన ఇనుమూ తగ్గుతుంది.

వేళ కుదిరాక, కంచం దగ్గర ఎవరి పని ఏమిటన్నది తేల్చుకోవాలి. అమెరికాకి చెందిన పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ దీన్ని చక్కగా పంచిపెట్టారు: ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్ల పని, తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల పని. చెప్పినంత తేలిక కాదిది. సగం తిని లేచిపోయిన పిల్లని చూస్తూ ఊరుకోవాలంటే మనసొప్పదు. కానీ ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఒక పూట తక్కువ తిన్నా తర్వాతి పూట సరిచేసుకుంటారు. అరగంటకే జాలిపడి బిస్కెట్ ప్యాకెట్ విప్పితేనే లెక్క తప్పుతుంది.

"నాలుగు ముద్దలు తింటే స్వీటు ఇస్తా" అనే బేరం మాత్రం మానేయాలి. కూర అంటే శిక్ష, స్వీటు అంటే బహుమతి అని మనమే నేర్పుతున్నాం. అలా ఇచ్చిన తీపి మీద ఇష్టం పెరుగుతుంది, బలవంతంగా తిన్న కూర మీద విరక్తి పుడుతుంది. బొత్తిగా ముట్టుకోనివ్వకపోయినా అంతే, ఎదుటివాళ్ల ఇంటికెళ్లినప్పుడు ఆబగా తింటారు. పండగ పూట స్వీటుని ఒక చిన్న ముక్కగా, భోజనంతో పాటే అదే కంచంలో వేయండి. ముందు తిన్నా, మధ్యలో తిన్నా పట్టించుకోవద్దు. ఆ పూటకి రెండో ముక్క మాత్రం ఉండదు. మొదట్లో స్వీటుతోనే మొదలుపెడతారు, కంగారు పడకండి. పళ్లకీ ఇదే మంచిది. ఎంత చక్కెర తిన్నారన్నదే కాదు, ఎన్నిసార్లు నోట్లో వేసుకున్నారన్నదీ పళ్లని పాడుచేస్తుంది.

మోతాదు విషయానికొస్తే, విడిగా కలిపిన చక్కెర, తేనె, పళ్లరసాల్లోని చక్కెర అన్నీ కలిపి రోజువారీ కేలరీల్లో పది శాతానికి మించకూడదనీ, ఐదు శాతంలోపు ఉంటే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకి 1,400 కేలరీలు తినే పిల్లలకి పది శాతమంటే 35 గ్రాములు. మామూలు కోలా 330 మిల్లీలీటర్ల డబ్బా ఒక్కటే దాదాపు అంత లాగేస్తుంది. అందుకే స్వీట్ల దగ్గర కాస్త చూసీచూడనట్టు పోయినా, తీపి డ్రింకుల దగ్గర గట్టిగా ఉండండి. పళ్లరసం ఏడాదిలోపు పిల్లలకి అసలు వద్దు, మూడేళ్ల దాకా రోజుకి 120 మిల్లీలీటర్లు చాలు. పండు పండుగా తింటే పీచూ దక్కుతుంది. సెలవుల్లో చాలామంది పిల్లల్ని వేధించే మలబద్ధకానికి పీచు, నీళ్లు తగ్గడం ఒక ముఖ్య కారణం.

కూరగాయలు తినిపించడానికి మంచి సమయం భోజనానికి పావుగంట ముందు, ఆకలి దంచేస్తున్నప్పుడు. క్యారెట్, కీరా ముక్కలు కోసి ఏమీ అనకుండా ఎదురుగా పెట్టండి. కొత్త కూరైతే ఒక చెంచాడు చాలు, పక్కన వాళ్లకి ఇష్టమైనది ఒకటి ఉండాలి. ఒక రుచి అలవాటవడానికి పది పదిహేనుసార్లు పట్టొచ్చు, వాసన చూసి పక్కన పెట్టేసినా అదీ ఒకసారి కిందే లెక్క. మూడోసారికే "వాడికి ఇది పడదు" అని తీర్పు చెప్పేయడం చాలా తొందరపాటు.

చుట్టాలతో మొహమాటం ఉంటుంది. పిన్ని చేతిలో స్వీటు పట్టుకుని పిల్లాడి నోటి దాకా తెస్తే, "పిన్నీ, ఇంకో అరగంటలో భోజనమే, అప్పుడు వాడి కంచంలో నువ్వే వెయ్యి" అనండి. ఆవిడ ముచ్చటా తీరుతుంది, వేళా తప్పదు. "చిక్కిపోయాడు", "తిండిపోతు" లాంటి మాటలు మాత్రం పిల్లల ఎదుట ఎవరన్నా అక్కడే ఆపేయండి.

ఇంటినిండా జనం ఉన్నప్పుడు చిన్నపిల్లల మీద ఓ కన్నేసి ఉంచాలి. ద్రాక్షని నిలువుగా నాలుగు చీలికలు చేసే ఇవ్వాలి. ఐదేళ్లలోపు వాళ్లకి గట్టి గింజలు, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్లు గొంతులో అడ్డంపడే ప్రమాదం ఉంది. ఏడాది నిండని బిడ్డకి తేనె నాకించకూడదు, బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

బడి తెరిచే ముందు వారం నుంచి నిద్ర లేచే వేళని రోజుకి పావుగంట చొప్పున ముందుకు జరపండి, దాంతో పాటే టిఫిన్ వేళనీ. ఒక్కసారిగా రెండు గంటలు ముందు లేపి టిఫిన్ పెడితే ఏ పిల్లా తినదు.