ఎల్ఫిన్ అట!

ఇంగ్లండులోని లీడ్స్‌లో మా వదిన కూతురికి జుట్టు కురచగా కత్తిరించారు కదా, దాన్ని చూసి పక్కింటావిడ "ఎల్ఫిన్" అందట. వదిన మురిసిపోయి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. అంటే నాజూగ్గా, చిలిపిగా ఉండే ముఖమని మా మరిది వెంటనే నిఘంటువు స్క్రీన్‌షాట్ పడేశాడు. అందరూ చప్పట్లు. ఎల్ఫ్ అంటే ఇంగ్లీషు కథల్లో మొనదేలిన చెవులుండే మాయాజీవి కదా, నాకు మాత్రం ఆవిడ అన్నది చెవుల గురించేమో అనిపించింది. అచ్చం మావారి చెవులు, ఇన్నాళ్లూ జుట్టు దాచింది. ఆ మాటే అంటే, "పొగిడినా నీకు టెన్షనేనా?" అని టీవీ సౌండ్ పెంచారు. ఒళ్లు మండిపోయింది. గిన్నెలు సింకులో పడేసి ఫోన్ పట్టుకుని కూర్చున్నా.

1590లో ఇంగ్లీషు కవి స్పెన్సర్ రాసిన 'ఫెయిరీ క్వీన్' కావ్యంలో ఈ మాట ఉంది. అక్కడ ఎల్ఫిన్ అంటే కత్తి పట్టిన వీరుడు, బుల్లి ముఖం కాదు. అంతకు ముందు సంగతి మరీ ఘోరం. పాత ఇంగ్లండులో డొక్కలో ఉన్నట్టుండి పోటొస్తే ఎల్ఫ్‌లు బాణం వేశాయేమో అనుకునేవారట. దానికో మంత్రం కూడా. మూలికలు వెన్నలో మరిగించి, "చిన్న ఈటె, లోపలుంటే బయటికి రా" అని పిలవడం.

ఇది చదవగానే నాయనమ్మ గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో పరిగెత్తి పరిగెత్తి డొక్క పట్టుకుని కూలబడితే, "ఎవరి కళ్లు పడ్డాయో" అంటూ గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చేది. మూడుసార్లు దిగదుడిచి పొయ్యిలో వేసేది. ఘాటు రాకపోతే దిష్టి బాగా తగిలినట్టు. ఘాటొస్తే? అప్పుడూ ఏదో ఒకటి తగిలినట్టే! ఆ గుప్పెట ముఖం ముందు తిరుగుతుంటే ఉప్పు రవ్వలు మెడ మీద రాలి, చెమటకి అంటుకుని చురచురలాడేవి. నొప్పి ఎప్పుడు పోయిందో తెలిసేది కాదు.

అంత చెడ్డ మాటేనా అని ఇంకాస్త చూస్తే, పాత ఇంగ్లండులోని ఆల్‌ఫ్రెడ్ రాజు పేరులోనూ ఎల్ఫే ఉంది. ఎల్ఫ్ సలహా అని ఆ పేరుకి అర్థం. ఎల్ఫ్‌లు చెడ్డవైతే ఆయన నాన్న కన్నకొడుక్కి ఆ పేరెందుకు పెడతారు? పోనీలే, ఆవిడ మంచిగానే అని ఉంటుంది. చెవులైతే మాత్రం ఏం, బావున్నాయి.

అలా అనుకుని లేవబోతుంటే అత్తయ్య. ఎల్ఫ్‌ల బాణాల సంగతి మరిది చెప్పేశాడట. వీడియో కాల్‌లో దిష్టి తీస్తే లీడ్స్ దాకా పనిచేస్తుందా అని అడుగుతోంది. మిరపకాయలు నేనే తెచ్చివ్వాలట, ఈ రాత్రప్పుడు.