సీమియన్ ట్రేడు, కర్ట్ ఫ్లడ్ ఉత్తరం, ఆర్లింగ్టన్ రాజకీయాలు

మార్కస్ సీమియన్‌ను టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టు న్యూయార్క్ మెట్స్‌కు ఇచ్చి, బదులుగా అవుట్‌ఫీల్డర్ బ్రాండన్ నిమ్మోను తెచ్చుకుందన్న వార్త 2025 నవంబరు చివర్లో వెలువడినప్పటి నుంచి, డాలస్ చుట్టుపక్కల మా వంటి అభిమానుల మధ్య లెక్కలు తెగడం లేదు. సీమియన్‌కు 35 ఏళ్లు, నిమ్మోకు 32. సీమియన్ ఒప్పందం 2028తో ముగుస్తుంది, నిమ్మోది 2030 దాకా సాగుతుంది. ఒకరు సెకండ్ బేస్ దగ్గర 2025లో కూడా గోల్డ్ గ్లవ్ (మేటి ఫీల్డింగుకు ఇచ్చే అవార్డు) అందుకున్నవారు. మరొకరు స్ట్రైక్ జోన్ (బ్యాటర్‌కు అందే హద్దు) బయటి బంతులను ఓపికగా వదిలేసి, వాక్ సంపాదించి, అంటే కొట్టకుండానే, బేస్ చేరడంలో పేరు పడ్డవారు. 2024, 2025 సీజన్లలో మా బ్యాటింగు పడిన అవస్థ చూసినవారు ఈ మార్పిడిని పూర్తిగా తప్పుపట్టలేరు. నేనూ తప్పుపట్టను. కానీ 2023లో 162 ఆటలకు 162 ఆటలూ ఆడి, చివరికి రేంజర్స్ చరిత్రలోనే మొట్టమొదటి వరల్డ్ సిరీస్ (లీగు ఛాంపియన్‌షిప్) తెచ్చిన జట్టులో నిలిచిన మనిషిని వయసు, జీతం అనే రెండు అంకెలుగా కుదించి మాట్లాడుకోవడం మాకు ఎంత సులువుగా అలవాటైపోయిందో గమనించినప్పుడు మాత్రం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

ఇందులో ఇంకొక విషయం ఉంది. నిమ్మో ఒప్పందంలో ఆయన అనుమతి లేకుండా ట్రేడ్ చేయరాదన్న షరతు ఉంది కనుక, ఆయన సరేనన్న తర్వాతనే ఈ బేరం కుదిరింది. ఆ ఒక్క మాట వెనుక అర్ధ శతాబ్దపు కోర్టు వ్యాజ్యాలు, కార్మిక సంఘపు పోరాటం, వాషింగ్టన్ రాజకీయాలు ఉన్నాయి. "ఆటలోకి రాజకీయాలు తేకండి" అని మా స్నేహ బృందంలో ఎవరైనా అన్న ప్రతిసారీ నాకు ఇదే గుర్తుకు వస్తుంది. బేస్‌బాల్‌లోకి రాజకీయాలను ఎవరూ కొత్తగా తేనక్కర్లేదు. ఈ వ్యాపారం నిలబడిన పునాదిని వేసిందే అమెరికా సుప్రీంకోర్టు.

1922లో జస్టిస్ హోమ్స్ రాసిన ఏకగ్రీవ తీర్పు ప్రకారం బేస్‌బాల్ ప్రదర్శనలు రాష్ట్రాల మధ్య జరిగే వాణిజ్యం కిందికి రావు, కాబట్టి గుత్తాధిపత్య నిరోధక చట్టాలు వాటికి వర్తించవు. జట్లు రైళ్లెక్కి ఊరూరా తిరిగి, టిక్కెట్లమ్మి ఆడుతున్నప్పటికీ అది వాణిజ్యం కాదట! ఈ మినహాయింపు నీడలోనే యజమానులు ప్రతి ఆటగాడి ఒప్పందంలోనూ రిజర్వ్ క్లాజ్ అనే షరతును కొనసాగించారు. దాని ప్రకారం ఒప్పందం గడువు తీరినా ఆటగాడు ఆ జట్టుకే కట్టుబడి ఉండాలి. జట్టు మాత్రం అతన్ని ఎప్పుడైనా, ఎక్కడికైనా పంపవచ్చు. ఇష్టం లేకపోతే అతనికున్న దారి ఒక్కటే, ఆట మానుకోవడం.

1969 అక్టోబరులో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు కర్ట్ ఫ్లడ్‌ను ఫిలడెల్ఫియాకు ట్రేడ్ చేసింది. ఆయన అప్పటికి ఏడు గోల్డ్ గ్లవ్‌లు అందుకున్న సెంటర్ ఫీల్డర్. 1964లోనూ, 1967లోనూ వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టు సభ్యుడు. ఏడాదికి 90,000 డాలర్ల జీతం, ఆనాటికి అది చాలా పెద్ద మొత్తం. ఆయన వెళ్లనన్నారు. డిసెంబరు 24న బేస్‌బాల్ అధిపతి అయిన కమిషనర్ బోవీ కూన్‌కు రాసిన ఉత్తరంలో, పన్నెండేళ్లు అగ్రశ్రేణి మేజర్ లీగుల్లో ఆడిన తాను తన ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా కొనడానికీ అమ్మడానికీ ఒక ఆస్తిని కానని, అన్ని జట్ల ప్రతిపాదనలనూ పరిశీలించుకునే హక్కు తనకుందని చెప్పారు. ఆ ఉత్తరంలో అరుపు లేదు, శాపనార్థం లేదు. ఒక ఉద్యోగి తన పై అధికారికి రాసుకున్న మర్యాదైన విన్నపంలా ఉంటుంది. దాన్ని రాసిన నల్లజాతీయుడు దక్షిణాది ఊళ్లలో కిందిస్థాయి మైనర్ లీగు ఆటలు ఆడుతూ, తోటి ఆటగాళ్లు దిగిన హోటళ్లలో గది దొరకని రోజులు చూసిన మనిషి అని తెలిసి చదివితే, ఆ మర్యాద ఎంత బరువైనదో అర్థమవుతుంది.

రిజర్వ్ క్లాజ్ మీద ఫ్లడ్ వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1972లో 5-3 తేడాతో ఓడిపోయింది. జస్టిస్ పావెల్‌కు ఆన్‌హైజర్-బుష్ కంపెనీలో వాటాలు ఉండటం వల్ల, ఆ కంపెనీయే కార్డినల్స్‌కు యజమాని కావడం వల్ల, ఆయన తప్పుకున్నారు. ప్రధాన తీర్పు రాసిన జస్టిస్ బ్లాక్‌మన్, తీర్పు మొదట్లోనే తనకు నచ్చిన పాతకాలపు ఆటగాళ్ల పేర్లను బారెడు జాబితాగా రాసుకుంటూ పోయారు. 1922 నాటి మినహాయింపు అసంగతమైనదే అయినా దాన్ని సరిదిద్దవలసింది కాంగ్రెస్ తప్ప తాము కాదని తేల్చారు. ఒక మనిషి జీవనోపాధి మీద తీర్పు చెబుతూ న్యాయమూర్తి అభిమానిగా మారిపోయిన ఆ పేజీలను చదివితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఫ్లడ్ ఓడినా, మార్విన్ మిల్లర్ నడిపిన ఆటగాళ్ల సంఘం ఆగలేదు. పదేళ్ల అనుభవం, అందులో చివరి ఐదేళ్లు ఒకే జట్టులో ఉన్న ఆటగాడిని అతని సమ్మతి లేకుండా ట్రేడ్ చేయరాదన్న నియమం 1973లో వచ్చింది. 1975 డిసెంబరులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఇచ్చిన నిర్ణయంతో రిజర్వ్ క్లాజ్ కూలి, ఆటగాళ్లకు ఫ్రీ ఏజెన్సీ, అంటే ఒప్పందం తీరాక నచ్చిన జట్టుకు వెళ్లే హక్కు, దక్కింది. కాంగ్రెస్ మాత్రం మేజర్ లీగు ఆటగాళ్ల ఉపాధి వరకు ఆ మినహాయింపును తొలగించి, ఆ చట్టానికి ఫ్లడ్ పేరు పెట్టడానికి 1998 దాకా తీసుకుంది. అప్పటికి ఫ్లడ్ కన్నుమూసి ఏడాది దాటింది.

రేంజర్స్ అభిమానులు ఈ కథను పరాయి ఊరి కథ అనుకోవడానికి లేదు. 1970 సీజన్ మొత్తం ఆట మానుకున్న ఫ్లడ్‌ను 1971లో మళ్లీ ఆడించిన జట్టు వాషింగ్టన్ సెనేటర్స్, అంటే నేటి రేంజర్సే. ఆయన అక్కడ 13 ఆటలే ఆడి, మనసు నిలవక, యజమాని బాబ్ షార్ట్‌కు విమానాశ్రయం నుంచి ఒక టెలిగ్రాం పంపి దేశం విడిచి వెళ్లిపోయారు. ఆ షార్ట్ గారు డెమోక్రటిక్ పార్టీ జాతీయ కోశాధికారిగా పనిచేసిన మనిషి. అదే ఏడాది ఆయన జట్టునే మూటగట్టి టెక్సస్‌కు తరలించారు. సెప్టెంబరు 30న వాషింగ్టన్‌లో జరిగిన చివరి ఆటలో సెనేటర్స్ 7-5తో ముందున్నారు, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యారు, ఇంకొక్క వికెట్టు (మనవాళ్ల భాషలో చెప్పాలంటే) పడితే గెలుపే. అప్పుడు జనం మైదానంలోకి దూకి బేసులు పెరుక్కుపోయారు, మట్టిగడ్డలు తవ్వుకుపోయారు. ఆట ఆగిపోయి, గెలుపు ప్రత్యర్థి న్యూయార్క్ యాంకీస్ ఖాతాలో పడింది. ఆటగాడు వెళ్లనంటే కోర్టుకెక్కవలసి వచ్చింది గానీ, యజమాని మొత్తం జట్టును పట్టుకుపోతుంటే దేశ రాజధాని కూడా ఆపలేకపోయింది. వాషింగ్టన్‌కు మళ్లీ జట్టు దక్కింది 2005లో.

జట్టు డాలస్ పక్కనున్న ఆర్లింగ్టన్‌కు వచ్చాక రాజకీయాలు తగ్గాయా అంటే, చిక్కబడ్డాయి. 1989లో జార్జ్ డబ్ల్యూ. బుష్ భాగస్వామిగా ఉన్న బృందం రేంజర్స్‌ను కొన్నది. ఆ జూలైలోనే సామీ సోసా అనే కుర్రవాణ్ని షికాగో వైట్ సాక్స్‌కు ట్రేడ్ చేశారు. ఆ కుర్రవాడు తన కెరీర్ మొత్తంలో 609 హోమ్‌రన్‌లు (క్రికెట్ సిక్సర్ లాంటివి) కొట్టాడు. అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నప్పుడు తన పెద్ద తప్పేమిటని అడిగితే, బుష్ ఆ ట్రేడునే పేర్కొని నవ్వించారు. ఇంతకన్నా నవ్వు రాని సంగతి స్టేడియంది. 1991లో ఆర్లింగ్టన్ ఓటర్లు అర సెంటు అమ్మకపు పన్నుకు ఒప్పుకున్నారు, బలవంతపు భూసేకరణ జరిగింది (భూసేకరణ ఎలా ఉంటుందో తెలుగువారికి విడమరిచి చెప్పనక్కర్లేదు), 1994లో కొత్త స్టేడియం తెరుచుకుంది. బుష్ పెట్టిన సుమారు 6 లక్షల డాలర్లు 1998లో జట్టు అమ్మేనాటికి దాదాపు కోటిన్నర డాలర్లయ్యాయి. పట్టుమని పాతికేళ్లు గడిచాయో లేదో, టెక్సస్ ఎండకు పైకప్పు లేదన్న కారణంతో 2016లో మళ్లీ ఓటు పెట్టారు, మళ్లీ పన్ను పడింది, 2020లో గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ వచ్చింది. ఏసీ చల్లదనంలో కూర్చుని ఆట చూస్తున్నప్పుడు నేను ఆ సౌఖ్యాన్ని కాదనను. దాని బిల్లులో ఎక్కువ భాగం మోయగలవారు ఎంత తక్కువ మోశారో మాత్రం మరవను.

2021 ఏప్రిల్‌లో జార్జియా రాష్ట్రపు కొత్త ఎన్నికల చట్టానికి నిరసనగా మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆల్ స్టార్ ఆటను (అన్ని జట్ల మేటి ఆటగాళ్లు ఆడే ఏటా ఒక్క ఆట) అట్లాంటా నుంచి డెన్వర్‌కు మార్చింది. అందుకు కోపగించి టెక్సస్ గవర్నర్ గ్రెగ్ ఆబట్ రేంజర్స్ సొంతగడ్డపై సీజన్ తొలి ఆటకు ఆనవాయితీగా వేసే మొదటి బంతి వేయనని ప్రకటించారు, ఆల్ స్టార్ ఆటను టెక్సస్ కోరబోదని కూడా అన్నారు. 2024 జూలైలో అదే ఆట ఆర్లింగ్టన్‌లోనే జరిగింది. 2025లో అట్లాంటాకూ తిరిగి వెళ్లింది, జార్జియా చట్టం అక్కడే ఉంది. ఇరుపక్షాలూ తమ తమ సిద్ధాంతాలను ఎంత తొందరగా మడిచి అటక మీద పెట్టేశాయో చూస్తే, నాకు ఇద్దరిలో ఎవరినీ సమర్థించబుద్ధి కాదు.

జాతీయ రాజకీయాలు మైదానంలోని మనుషులను నేరుగా తాకే చోటు మరొకటి ఉంది. సీమియన్ వెళ్లిన రోజుల్లోనే రేంజర్స్ యాజమాన్యం అడోలిస్ గార్సియాకు కొత్త ఒప్పందం ఇవ్వకుండా వదిలేసింది. 2023 వరల్డ్ సిరీస్ మొదటి ఆటలో తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 5-3తో వెనకబడినప్పుడు కోరీ సీగర్ రెండు పరుగుల హోమ్‌రన్‌తో సమం చేస్తే, పదకొండో ఇన్నింగ్స్‌లో గార్సియా కుడివైపు గోడ దాటించి ఆట ముగించాడు. బంతి దాటిందని తెలిసిన తర్వాత అతను బేసుల చుట్టూ పరుగెత్తలేదు, నెమ్మదిగా నడిచినట్టే సాగాడు. స్టేడియమంతా నిలబడి ఉంది. ఈ గార్సియా క్యూబా వాడు. జపాన్‌లో ఆడటానికి వెళ్లి, తిరుగు ప్రయాణంలో 2016లో తన దేశాన్ని విడిచిపెట్టాడు. క్యూబా ఆటగాళ్లు ఇలా పారిపోకుండా నేరుగా వచ్చేందుకు మేజర్ లీగుకూ క్యూబా సమాఖ్యకూ 2018 డిసెంబరులో ఒక ఒప్పందం కుదిరితే, నాలుగు నెలలకే ట్రంప్ ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. ఆ సమాఖ్య క్యూబా ప్రభుత్వంలో భాగమేనన్నది వారి వాదన. వాదనలో నిజం లేకపోలేదు. కానీ ఆ నిర్ణయంతో మళ్లీ దొంగదారులకే పంపబడింది ప్రభుత్వం కాదు, ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు.

వీసాల మీద బతికే మనవాళ్లకు ఆసక్తి కలిగించే ఒక చిన్న నిబంధన చెబుతాను. విదేశీ ఆటగాళ్లు చాలామంది పీ-1 వీసా మీద ఆడతారు. ట్రేడ్ అయిన ఆటగాడి పని అనుమతి 30 రోజుల పాటు దానంతట అదే కొనసాగుతుంది, ఈలోగా కొత్త జట్టు దరఖాస్తు పెట్టుకోవాలి. హెచ్-1బీ మీద ఉన్న ఉద్యోగికి కొలువు పోతే గరిష్ఠంగా 60 రోజులు, అందులో కొత్త యజమానిని తానే వెతుక్కోవాలి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు పీ-1 జోలికి ఎవరూ పోలేదు. ఆటగాణ్ని అడగకుండా పంపించవచ్చు గానీ, పంపిన చోట కుర్చీ సిద్ధంగా ఉంటుంది. ఐపీఎల్‌లో ఇందుకు భిన్నంగా ఆటగాడు ఒప్పుకుంటేనే ట్రేడ్ సాగుతుంది. 2025 నవంబరులో షమీ సన్‌రైజర్స్ నుంచి లక్నోకు వెళ్లినా, జడేజా, శాంసన్ చోట్లు మార్చుకున్నా ఆ పద్ధతిలోనే. ఈ ఒక్క విషయంలో వేలంపాటల లీగు మేజర్ లీగు కన్నా మర్యాదగా ఉందని నా అభిప్రాయం.

ఇక రాబోయేది 2026 డిసెంబరు 1. ఆటగాళ్ల సంఘంతో యజమానుల ఉమ్మడి ఒప్పందం ఆ రోజుతో ముగుస్తుంది. జీతాల మీద గరిష్ఠ పరిమితి కావాలన్నది యజమానుల పాత కోరిక, దాన్ని ససేమిరా ఒప్పుకోమన్నది సంఘం పాత మాట. గతసారి 99 రోజులు లాకౌట్ (యజమానులే ఆటగాళ్లను పనిలోకి రానివ్వకపోవడం) నడిచింది. ఈసారి అంతకన్నా ఎక్కువే నడుస్తుందని నేను అనుకుంటున్నాను. అప్పుడు కాంగ్రెస్‌లో 1922 నాటి మినహాయింపు మళ్లీ చర్చకు వస్తుంది: 2021లో మా రిపబ్లికన్ సెనేటర్ టెడ్ క్రూజ్ జార్జియా కోపంతో దాన్ని రద్దు చేయాలన్నారు, 2022లో వామపక్ష సెనేటర్ బెర్నీ సాండర్స్ లాకౌట్ కోపంతో అదే అడిగారు. రెండు బిల్లులూ ముందుకు సాగలేదు. దేశంలో మరే విషయంలోనూ ఏకాభిప్రాయం లేని ఆ ఇద్దరూ ఒకే బిల్లు మీద సంతకం పెడితే యజమానులకు నిద్ర పట్టదు. వాళ్లు పెడతారన్న ఆశ నాకు పెద్దగా లేదు.